లేని కిటికీ దగ్గర

పోయిన నెలలో ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. డిచ్‌పల్లి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఆధునిక యూరప్ సాహిత్యానికీ, అక్కడి తత్వవేత్తలు అందం గురించి ఆలోచించిన దానికీ ఉన్న సంబంధం ఏమిటి, దాని నీడ మన తెలుగు వచనం మీద ఎంత పడింది అన్నది ఆమె తీసుకున్న విషయం. ఎండలో వచ్చింది పాపం. మంచినీళ్లు తాగి, ప్లాస్టిక్ ఫోల్డర్‌లోంచి ఒక జిరాక్సు తీసి నా ముందు పెట్టింది. ఇరవై ఏళ్ల వయసులో నేను ఒక దినపత్రిక ఆదివారం అనుబంధానికి రాసిన మొదటి రచన అది. పేజీన్నర ఉంటుంది. నా దగ్గర దాని ప్రతి లేదు, ఉంచుకోలేదు. "సార్, ఈ మూడో పేరా ఎన్నిసార్లు చదివిన్నో నాకే తెల్వది. కిటికీ దగ్గర కూసున్న ఆమె చేతుల మీద వెలుతురు పడ్డది ఎట్ల రాసిన్రు సార్! ఏడుపు లేదు, జాలి లేదు. అచ్చం యూరప్ వాళ్ల లెక్క దూరం నుంచి చూసిన్రు" అంది. డిగ్రీ పిల్లల పాఠాల పుస్తకంలో దాన్ని చేరుస్తున్నారట, నా అనుమతి కావాలట. సంతకం పెట్టాను. నలభై ఏళ్లు పత్రికాఫీసులో పేజీలు చూసి సంతకాలు పెట్టిన చెయ్యి, అడగ్గానే పెట్టేసింది. ఆమె చాయ్ తాగి, వద్దంటున్నా కాళ్లకు మొక్కి వెళ్లిపోయింది.

ఆ పేజీన్నరలో ఉన్న మనిషి మా గంగామణి అక్క. ఆ పేజీన్నర నాకు ఉద్యోగం ఇచ్చింది, పేరు ఇచ్చింది. అది అచ్చయ్యేముందు నాలుగు నెలల పాటు ఒక మాట ఎవరికీ చెప్పకుండా నాలోనే పెట్టుకున్నాను. చెప్పి ఉంటే అక్క బతికేదేమో. బతికేదని రూఢిగా అనలేను, బతికేది కాదనీ అనలేను. ఇన్నేళ్లుగా ఆ రెండింటి మధ్యా ఉన్నాను. ఆ అమ్మాయి 'దూరం' అన్నప్పుడే నేను ఈ సంగతి చెప్పవలసింది. సంతకం పెట్టి పంపించేశాను. ఇక్కడ చెబుతున్నాను.

మా బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పని చేసేవాడు. డిగ్రీ చదువుకు నన్ను నిజామాబాద్‌లో చిన్నమ్మ ఇంట్లో పెట్టారు. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. భర్త పోయిన మనిషి, ఒక్కతే కూతురు గంగామణి. ఆ ఇల్లు ఒక సందులో, అటూ ఇటూ పక్కిళ్ల గోడల మధ్య ఇరుక్కుని ఉండేది. ముందొక తలుపు, వెనకొక తలుపు, మధ్యలో పెద్ద అర్ర, దాని పక్కన వంటకు ఇంకో చిన్న అర్ర. ఒకప్పుడు ఆ పెద్ద అర్రలో మగ్గం ఉండేదట. నేను వెళ్లేసరికి మగ్గం గుంతను మన్నుతో పూడ్చి అలికేశారు. దాని మీదే ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. చిన్నమ్మ, గంగామణి అక్క, పక్కింటి సాయవ్వ, ఇంకో ముగ్గురు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడి గోనెసంచిలో చుట్టిన తునికాకు. రేకుముక్కను కొలతగా పెట్టి ఆకును కత్తెరతో కత్తిరించడం, ఈనె గీకడం, చిటికెడు తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. చూస్తుంటే చేతులు కనబడవు, బీడీలు మాత్రం పుడుతుంటాయి. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు మొదట గొంతులోకి వస్తుంది, తర్వాతే ముక్కుకు తెలుస్తుంది. అన్నం తిన్నా తంబాకు రుచే, నీళ్లు తాగినా అదే. ఆ అర్రలో అందరూ దగ్గేవాళ్లు. తంబాకు దగ్గు అనేవాళ్లు దాన్ని. చీర కట్టుకున్నంత మామూలుగా దగ్గు ఉండేది. అందుకని ఎవరి దగ్గునూ ఎవరూ వినేవాళ్లు కాదు.

ఆ పనిలో చేతులకూ కళ్లకూ తీరిక ఉండదు, చెవులు మాత్రం ఖాళీ. మా సందులో అటువంటి ప్రతి గుంపుకీ చదివి వినిపించే మనిషి ఒకరు ఉండేవాళ్లు. ఆ ఇంట్లో అక్షరాలు వచ్చినవాణ్ని నేనే కాబట్టి ఆ పని నాకు పడింది. మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి, చెయ్యి కడుక్కుని, తలుపు దగ్గర వెలుతురు పడేచోట పీట వేసుకునేవాణ్ని. వారపత్రికల సీరియళ్లు చదివేవాణ్ని. ఆరుగురు ఆడవాళ్లు తల ఎత్తకుండా వినేవాళ్లు. కథలో అత్త కోడలి మీద నింద వేస్తే చాటల్లోంచి తిట్లు లేచేవి. "ఆగు బిడ్డా, గా ముసల్దాన్ని జెర తిట్టుకోనీ, గప్పుడు సదువు" అనేది సాయవ్వ. నేను ఆగేవాణ్ని. తిట్టడం అయ్యాక మళ్లీ చదివేవాణ్ని. కథ బాగా పట్టులో ఉన్నప్పుడు చుట్టు వదులై, మర్నాడు బీడీ కార్ఖానాలో గుమాస్తా కట్టలు పక్కకు తోసేసేవాడు. ఆ గుమాస్తా ఒక వింత మనిషి. కట్టను అరచేతిలో ఇలా దొర్లించి, కళ్లు మూసుకుని, ఇది కాదు, ఇది అవును అనేవాడు. ఎందుకు కాదని అడిగితే చెప్పలేడు. "సేతికి తెలుస్తదమ్మా, నోటికి తెల్వది" అనేవాడు.

ఆ గుమాస్తా మాట విని ఉప్పొంగిపోయిన మనిషి మా మాస్టారు. మాకు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవారు. చందూర్ దారిలో ఒక క్యాంపు వాళ్లది. కాలువ నీళ్లు వచ్చాక కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్ల ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. అన్నదమ్ములు చెరుకు, వరి చూసుకునేవాళ్లు, ఈయన పుస్తకాలు చూసుకునేవారు. ఆదివారాలు నేను బస్సెక్కి వెళ్లేవాణ్ని. ఫ్యాక్టరీ నడిచే కాలంలో బోధన్ దాటుతుంటే బస్సంతా బెల్లప్పాకం మాడిన వాసనతో నిండేది. ఆ వాసనలో మా బాపు ఉండేవాడు, అయినా దిగకుండా మాస్టారింటికి పోయేవాణ్ని. వాళ్ల వసారాలో చెరుకు ఆకు దుమ్ము, పాత పుస్తకాల పురుగుమందు, ఆయన అమ్మగారు కాచే కాఫీ, మూడూ కలిసి ఒక వాసన వచ్చేది. నాకు అదే చదువు వాసన. "ఏవయ్యా, మీ గుమాస్తా ఎంత మాటన్నాడు! రెండొందలేళ్ల కిందట ఒక జర్మన్ పెద్దాయన ఒక లావుపాటి గ్రంథం రాసి చెప్పింది అదే కదా. అందాన్ని తేల్చడానికి సూత్రం ఉండదు, అయినా తేల్చి తీరతాం" అని తొడ చరుచుకున్నారు. మళ్లీ ఆయనే, "కానీ బీడీకి కాల్చడం అనే పని ఉంది. అందానికి పని ఉండదయ్యా. కావాలనుకుంటే అది ఆకలి. కాపాడాలనుకుంటే అది జాలి. రెండూ లేకుండా ఊరికే చూడగలిగితే, అదీ అందం" అన్నారు. ఆ సాయంత్రం బస్సులో నేను కిటికీలోంచి చెరుకు బండ్లనూ, ఎద్దుల మెడల మీద పుండ్లనూ ఊరికే చూశాను. చూడగలిగాను. ఏదో పెద్ద పరీక్ష పాసైనట్టు అనిపించింది.

ఆయన ఒక్క తత్వమే చెప్పి ఊరుకునే మనిషి కాదు. తత్వవేత్తలు అన్న మాటలను యూరప్ నవల ఎలా తీసుకుంది, తీసుకుని ఏం చేసింది అన్నది ఆయనకు ఇష్టమైన సంగతి. కోరిక లేకుండా చూడమని వాళ్లన్నారు. నవలాకారులు దాన్ని చేతిపనిగా మార్చుకున్నారు. రచయిత కథలోంచి తప్పుకున్నాడు, కన్నీళ్లు మానేశాడు, చావునైనా బల్ల మీద గిన్నెను చూసినట్టు చూశాడు. యుద్ధాలు, విషవాయువులు, ముళ్లకంచెల శిబిరాలు వచ్చాక అదే నవల వెనక్కి తిరిగి తత్వాన్ని నిలదీసింది. "తత్వవేత్త అందానికి ఒక గది కట్టి పెట్టాడయ్యా. నవలాకారుడు అందులో కాపురం పెట్టాడు. పెట్టాక, గోడలు చెమ్మ పట్టాయి, ఊపిరాడటం లేదు అని కబురు పంపాడు" అనేవారు. ఇందులో మొదటి సగమే నేను విన్నాను. ఇరవై ఏళ్లవాడికి గది కావాలి, చెమ్మ కబురు ఎందుకు?

ఆయనే ఒకసారి అట్ట ఊడిన ఒక నవల ఇచ్చారు. ఎవరో తెలుగు చేసింది. పేరున్న పేజీ కూడా పోయింది కాబట్టి దాని పేరు గానీ రాసినవాడి పేరు గానీ నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్కడో ఉత్తరాన ఒక చలి రేవుపట్నం. ఒక గుమాస్తా భార్య చలికాలమంతా కిటికీ పక్కన మంచం మీద పడుకుని ఉంటుంది. దగ్గుతుంది. జబ్బేమిటో రచయిత చెప్పడు. వెలుతురు గోడ మీద ఏ పూట ఎక్కడిదాకా వచ్చిందో మాత్రం పేజీలకు పేజీలు చెబుతాడు. వసంతం వస్తుంది, మంచం ఖాళీ అవుతుంది. అంతే. నాకు మతి పోయింది. వారపత్రిక పక్కన పెట్టి, దాన్నే మా అర్రలో చదవడం మొదలుపెట్టాను.

మొదటి రోజు మర్యాదకు విన్నారు. రెండోరోజు సాయవ్వకు ఓపిక పోయింది. "ఏంరా తమ్మీ, గా పిల్లకు దవాఖాన లేదా? ఎవలన్న తోల్కపోరా?"

"గది గట్లనే ఉంటది అవ్వా. ఊకె ఇనాలె" అన్నాను.

"ఊకె ఎట్ల ఇంటం రా? మరి గిదంత రాసినాయిన, గాయిన గా అర్రలనే ఉన్నడా?"

"ఉన్నట్టే గద అవ్వా" అంది గంగామణి అక్క, దారం పళ్లతో కొరుకుతూ. "లేకుంటె గోడ మీద ఎండ యాడిదాక వచ్చిందో ఆయినకెట్ల ఎర్క?"

"ఉంటె మరి, పిల్ల దగ్గుతాంటె లేసి గిన్ని నీళ్లియ్యడా? గోడ సూస్కుంట కూసుంటడా? ఏం మొగోడే వాడు!"

అర్రంతా నవ్వింది. అందరికంటే గంగామణి అక్క ఎక్కువ నవ్వింది, నవ్వి దగ్గింది. ఆ ఆదివారం ఈ ముచ్చట చెబితే మాస్టారు కూడా నవ్వారు. తర్వాత కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకుంటూ, "ఆ ప్రశ్న అడగడానికి యూరప్‌కి రెండు యుద్ధాలు పట్టాయి. మీ సాయవ్వ బీడీ చుడుతూ అడిగేసిందయ్యా" అన్నారు. నేను ఇంటికొచ్చి సాయవ్వ ప్రశ్ననూ మాస్టారి జవాబునూ నోటుబుక్కులో రాసుకున్నాను. రెండూ బాగున్నాయని రాసుకున్నాను.

దసరా మర్నాడు ఉదయం పళ్లు తోముకుందామని వెనక తలుపు దగ్గరికి వెళ్లాను. గంగామణి అక్క నీళ్ల గోలెం పక్కన వంగి ఉంది. దగ్గు ఆగాక నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డను విప్పి చూసుకుంది. దాని మీద ఎర్రగా, పావలా కాసంత. చెంబులో నీళ్లు పోసుకుని అందులో గుడ్డ ముంచింది. ఆ ఎరుపు ఒక దారంలా నీళ్లలోకి దిగి, మెల్లగా విడిపోయింది. ఆమె వెనక్కి తిరగలేదు, నన్ను చూడలేదు. నాకూ ఆమెకూ మధ్య నాలుగడుగులు. నేను అడుగు వెయ్యలేదు. భయపడి ఆగిపోయానని చెప్పుకుంటే నాకు సులువుగా ఉండేది. నాకు భయం వెయ్యలేదు. ఆ దారం ఎలా విడిపోయిందో మరిచిపోతానేమోనని తొందర వేసింది. చప్పుడు చెయ్యకుండా లోపలికి వచ్చి నోటుబుక్కు తీశాను.

అక్క ఎందుకు దాచిందో నాకు తెలుసు. ఆమె మొగుడు మగ్గాల పని మీద బొంబాయి పక్కన భివండి పోయి ఉన్నాడు. గది దొరకగానే వచ్చి తీసుకుపోతానని ఉత్తరాలు రాసేవాడు. ఆ ఉత్తరాలు కూడా నేనే చదివి వినిపించేవాణ్ని. జబ్బు మనిషిని అంత దూరం ఎవరు తోలుకుపోతారు? ఆ వారం నుంచే ఆమె పాన్ నమలడం మొదలుపెట్టింది. నోరెప్పుడూ ఎర్రగా ఉంటే ఏ ఎరుపు దేనిదో ఎవరికి తెలుస్తుంది? "ఏందే గంగామణీ, భివండి పోకముందుకే బొంబాయి దొరసాని లెక్క పాన్లు దంచుతున్నవ్" అని సాయవ్వ ఎగతాళి చేసేది. "ఆడ గిట్లనే ఉంటరంట అవ్వా, అలవాటు జేస్కుంటున్న" అని అక్క నవ్వేది. చిన్నమ్మ కూడా నవ్వేది. ఆ అర్రలో సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నవ్వుతున్న ఆ పెదవులను చూసి, పాన్ సంగతి కూడా రాసుకున్నాను.

అలా నాలుగు నెలలు రాసుకున్నాను. శివరాత్రికి ముందు ఒక ఆదివారం అది అచ్చయింది. పేరు మార్చాను, ఊరు చెప్పలేదు. ఆ మధ్యాహ్నం పత్రిక పట్టుకుని నేను గుమ్మంలోకి వచ్చేసరికే సందంతా తెలిసిపోయింది. చిన్నమ్మ ఆ పూట నాకు శనగ గుడాలు వేయించి, ఉల్లిగడ్డ కోసి పెట్టింది. "సదువు బిడ్డా, మనోడు రాసింది మనమే ఇనకపోతె ఎట్ల" అంది. ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. ఈ రచనను అచ్చులో చూసుకోవాలనుకున్నాను, మాస్టారికి చూపించాలనుకున్నాను, హైదరాబాద్‌లో ఎవరెవరో చదవాలనుకున్నాను. రోజూ చదివి వినిపించే ఆ పీట మీద కూర్చుని దీన్ని కూడా చదవాల్సి వస్తుందన్న ఊహ ఒక్కసారి కూడా రాలేదు. రాసినన్నాళ్లూ ఆ ఆరుగురు నాకు చదువరులు కాలేదు. వాళ్లు నా వస్తువు.

చదివాను. గొంతు బాగానే ఉంది. మొదటి పేరాలో తంబాకు వాసన రాగానే "నిజమే రా" అన్నారు. కత్తెర చప్పుడు రాగానే తలలూపారు. మూడో పేరాలో ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది, ఎండ చువ్వల మధ్య నుంచి వచ్చి ఆమె వేళ్ల మీద పడుతుంది. సాయవ్వ చెయ్యి ఆపింది. "మన అర్రల కిటికి యాడున్నది రా?" అంది.

అప్పటిదాకా నాకే తెలియదు. నిజంగా తెలియదు. ఆ అర్రకు కిటికీ లేదు. రెండు వైపులా పక్కిళ్ల గోడలు. ఆ కిటికీని ఆ చలి రేవుపట్నం నుంచి తెచ్చి మా గోడకు పెట్టేశాను. పేరు మార్చినా ఆమె ఎవరో పోల్చుకుని అందరూ పగలబడి నవ్వారు. "గంగామణికి కిటికి వెట్టిచ్చిండే తమ్ముడు! మాకు గూడ ఒక్కొక్కటి వెట్టియ్యి రా" అన్నారు. ఆ నవ్వులో నేను ఆపేసి ఉండాల్సింది. ఏదో ఒక అబద్ధం చెప్పి కాగితం మడిచి ఉండాల్సింది. అప్పటికి నా చదువు ఊపుకు నేనే లొంగిపోయి ఉన్నాను. నాలుగో పేరా చదివేశాను. గోలెం, గుడ్డ, నీళ్లలో విడిపోయిన ఎర్ర దారం, ఆ తర్వాత పాన్.

ఆరు కత్తెర్లూ ఆగిపోయాయి. గంగామణి అక్క తల ఎత్తలేదు. చాటలో తంబాకును వేలితో అటూ ఇటూ జరుపుతోంది. చిన్నమ్మ కూతురి వైపు కాకుండా నా వైపు చూసింది.

"గిది కతనా, నిజమా?"

నేను పత్రిక ఒళ్లో పెట్టుకున్నాను.

"నువ్వు సూసినవా రా?"

"సూసిన."

"ఎప్పుడు?"

"దసరా తెల్లారి."

చిన్నమ్మ ఒళ్లో చాట పక్కన పెట్టి లేచింది. నన్ను కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. కూతురి దగ్గరికి వెళ్లి, గడ్డం పట్టుకుని తల పైకెత్తి, "నోరు తెరువు" అంది. అక్క తెరిచింది. పాన్‌తో ఎర్రగా ఉన్న ఆ నోట్లోకి చిన్నమ్మ చాలాసేపు చూసింది, అందులో ఏది ఏదో కనబడుతుందన్నట్టు.

మర్నాడు పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. క్షయకు అప్పటికే సూదిమందులు, మాత్రలు ఉన్నాయి. ఆ నవలలోని మనిషికి లాగా దిక్కులేని కాలం కాదు మాది. డాక్టరు కాగితం ముందు పెట్టుకుని, నెత్తురు ఎప్పటినుంచి పడుతోందని అడిగాడు. అక్క నేల చూసింది. చిన్నమ్మకు తెలియదు. ఇద్దరూ నా వైపు తిరిగారు. తేదీ చెప్పాను, పూట చెప్పాను. మొదటిసారి ఎంత పడిందో కూడా చెప్పాను. డాక్టరు ఒక్క క్షణం నన్ను చూసి, చెప్పినదంతా రాసుకున్నాడు. అంత సరిగ్గా ఎవరూ చెప్పరని మెచ్చుకున్నాడు కూడా.

వార్డులో ఆమె రెండు నెలలు ఉంది. రోజూ వెళ్లేవాణ్ని. చిన్నమ్మ నాతో మాట్లాడేది కాదు, డబ్బాలో అన్నం పెట్టి చేతికిచ్చేది. ఒకరోజు అక్క నన్ను దగ్గరికి రమ్మంది. "తమ్మీ, గా పేపర్ తెచ్చినవా?"

"ఎందుకక్కా?"

"నడిమిట్లనే ఆపినవ్ గద. కడదాక సదువు."

ఆపింది నేను కాదు. నాలుగో పేరా తర్వాత ఇంకో అర పేరా ఉంది, అది వినే స్థితిలో ఆ రోజు ఎవరూ లేరు. మర్నాడు తెచ్చి మొత్తం చదివాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. మూడో పేరా మళ్లీ చదవమంది. చదివాను. "గంత మంచిగుంటయా నా చేతులు?" అని దుప్పటి మీద పరిచి చూసుకుంది. తునికాకు మరకలు గోళ్ల చుట్టూ ఇంకా పోలేదు. "కిటికి మంచిగున్నది తమ్మీ. ఉండనీ, తియ్యకు" అంది. నేను ఏడుస్తానేమోనని చూసింది. ఏడవలేదని తెలిశాక అటు తిరిగి పడుకుంది.

ఆమె పోయిన రోజు మొగుడు భివండి నుంచి వచ్చాడు. గది దొరికిందని చెప్పడానికి అతను ముందే రాసిన ఉత్తరం అతనికంటే రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. దాన్ని ఎవరూ నన్ను చదవమనలేదు.

ఇవన్నీ అయ్యాక మాస్టారి దగ్గరికి వెళ్లాను. జరిగిందంతా చెప్పి పత్రిక చేతిలో పెట్టాను. ఆయన చదువుతుంటే కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారాయి. "పొరపాటు పడ్డావయ్యా. ఆ దూరం బొమ్మకీ మనకీ మధ్య ఉండాల్సింది. మనిషికీ మనకీ మధ్య కాదు" అన్నారు. ఇంత తేలికైన మాట ముందెందుకు చెప్పలేదని అడగాలనిపించింది. మనిషిని బొమ్మగా మార్చే క్షణం ఒకటి ఉంటుంది కదా, ఆ క్షణంలో దూరం ఎవరికీ ఎవరికీ మధ్య అని అడగాలనిపించింది. అడగలేదు. ఆయన లేచి పత్రిక నాకు తిరిగిస్తూ, తప్పు చేస్తున్నవాడిలా గొంతు తగ్గించి, "ఆ మూడో పేరా మాత్రం బాగుందయ్యా. అది కాదనలేం" అన్నారు. బస్సెక్కాను. బోధన్ వచ్చేసరికి నాకు తెలిసివచ్చింది, నేను సంతోషంగా ఉన్నాను. అక్క పోయి పదిహేను రోజులు కాలేదు. నా మూడో పేరాను మాస్టారు మెచ్చుకున్నారు, నేను సంతోషంగా ఉన్నాను. తత్వశాస్త్రం ఆ సంతోషాన్ని ఏమంటుందో ఆ తర్వాత చాలా పుస్తకాల్లో వెతికాను. యూరప్ వాళ్లలో ఒకరిద్దరు దాని దాకా వచ్చి కలం కింద పెట్టేశారని తెలుసుకున్నాను. నేను పెట్టలేదు. ఉద్యోగంలో చేరాను.

ఆ అర్రలో మళ్లీ నేను చదవలేదు. వాళ్లు ఒక రేడియో కొనుక్కున్నారు. ఇప్పుడు ఆ సందులో బీడీలు చుట్టేవాళ్లు తగ్గిపోయారు, ఉన్నవాళ్ల ముందు టీవీ నడుస్తుంటుంది. బోధన్‌లో ఫ్యాక్టరీ ఆగిపోయింది. చలికాలం బస్సులో వెళితే ఏ వాసనా రాదు. మాస్టారు లేరు. డిచ్‌పల్లి దగ్గర హైవే మీద లారీ కొట్టి మనిషి పడిపోతే పదిమంది చుట్టూ చేరి ఫోన్లు ఎత్తి వీడియో తీయడం నేను చూశాను. నాలుగడుగుల దూరంలో నిలబడి, చెయ్యి వణక్కుండా, వెలుతురు సరిగ్గా పడేలా. వాళ్లకు ఏ జర్మన్ పెద్దాయనా పాఠం చెప్పలేదు. నేను కష్టపడి నేర్చుకున్నది వాళ్లకు ఊరికే వచ్చేసింది. వాళ్లను కోప్పడే హక్కు ఈ జిల్లాలో అందరికంటే నాకే తక్కువ. ఆ అమ్మాయి రాసే పరిశోధన పూర్తవుతుంది, పిల్లలు ఆ పేరాను బట్టీపట్టి పరీక్ష రాస్తారు. అందాన్ని జాలి నుంచి విడదీయడం నేర్పడానికి నా రచన పనికొస్తుంది. తెచ్చి చేర్చుకున్న వెలుతురు అది, ఆ ఇంట్లో లేనిది. ఉన్న చీకటిలో ఒక మనిషి ఊపిరితిత్తులు పాడైపోతుంటే దాని గురించి ఆ పేరాలో ఒక్క మాట లేదు. అందుకే అది బాగుంది.

చిన్నమ్మ చాలా కాలం బతికింది. కొన్నేళ్లకు నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. గంగామణి పేరు మా మధ్య ఎప్పుడూ రాలేదు. పత్రికలో నాది ఏది వచ్చినా ఆమెకు ఎవరో చెప్పేవాళ్లు. నేను పోయినప్పుడల్లా ఒకటే అడిగేది. "ఎవల గురించి రాసినవ్ బిడ్డా? వాళ్లకు జెప్పినవా?" చెరుకు రైతుల ధర్నా రాసినా, కరువు రాసినా, ఎమ్మెల్యే మీద రాసినా అదే ప్రశ్న. మొదట్లో చిరాకు వేసేది, తర్వాత భయం వేసేది. చివరి రోజుల్లో ఆమె మంచంలో ఉంటే పక్కన కూర్చునేవాణ్ని. నీళ్లు తాగించడం నేర్చుకున్నాను. తల కింద చెయ్యి పెట్టి, గ్లాసుతో కాదు, చెంచాతో. ఒక మధ్యాహ్నం ఆమె నా మణికట్టు పట్టుకుంది. పట్టులో బలం లేదు.

"ఒక్క మాట, బిడ్డా."

"చెప్పు సిన్నమ్మా."

"నన్ను రాయకు."

రాయనని తల ఊపాను. ఊపుతుండగానే, ఆ మాట అనేటప్పుడు ఆమె కింది పెదవి ఎటు వైపు ఒరిగిందో, వేళ్లు నా చెయ్యి మీద ఎంతసేపు ఉండి జారాయో నా కళ్లు చూసిపెట్టుకున్నాయి. అవి ఇప్పుడు ఇక్కడ రాశాను.